యూనివర్సిటీ సమాజానికి ఎంత దగ్గరైందో కొలవడం ఎలా? బెంగళూరు తెలుగువారికి తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరు కాలేజీల్లో ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రామ్ ఆఫీసర్లుగా, ఐక్యూఏసీ (కాలేజీ లోపలి నాణ్యత కమిటీ) సభ్యులుగా, సోషల్ వర్క్ విభాగాల్లో పనిచేసే తెలుగువాళ్ల కోసం ఈ పేజీ. కాలేజీలతో కలిసి కార్యక్రమాలు పెట్టే తెలుగు సంఘాలకు, బస్తీ పెద్దలకు పనికొచ్చే ప్రశ్నలు చివర్లో ఉన్నాయి.

మా కాలేజీ ఏటా యాభై కార్యక్రమాలు చేస్తుంది. అది చాలదా?

యాభై కార్యక్రమాలు జరిగాయని మాత్రమే తెలుస్తుంది. ఏ పనికైనా నాలుగు మెట్లు ఉంటాయి. మనం పెట్టింది (డబ్బు, మనుషులు, గంటలు) మొదటిది. చేసింది (శిబిరాలు, తరగతులు, సర్వేలు) రెండోది. ఎవరికి అందిందన్నది మూడోది. వాళ్ల బతుకులో ఏం మారిందన్నది నాలుగోది. మన దగ్గర తయారయ్యే రిపోర్టుల్లో చాలావరకు రెండో మెట్టు దగ్గరే కూర్చుండిపోతాయి, ఎందుకంటే అక్కడిదాకా వస్తే ఫొటోలు దొరుకుతాయి. మూడో మెట్టుకు రిజిస్టర్ కావాలి, నాలుగో మెట్టుకు మళ్లీ వెళ్లి అడగాలి.

వీటికి తోడు ఇంకొకటి చూడాలి: ఆ పని చేయాలని నిర్ణయించింది ఎవరు? కాలేజీ ఒక్కటే నిర్ణయించి, కాలేజీ ఒక్కటే చేసి, కాలేజీ ఒక్కటే రాసుకుంటే అది సేవ కావచ్చు గాని భాగస్వామ్యం కాదు. అమెరికాలోని కార్నెగీ కమ్యూనిటీ ఎంగేజ్‌మెంట్ వర్గీకరణ 2006లో మొదలైనప్పటి నుంచీ ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్నే అసలు కొలమానంగా పెట్టుకుంది.

ఎవరు నిర్ణయించారన్నదానికి అంత ప్రాధాన్యం ఎందుకు?

దీనికి మన పక్కనే పాత ఉదాహరణ ఉంది. బెంగళూరు ఐఐఎస్‌సీలో 1974లో అమూల్య రెడ్డి ఆధ్వర్యంలో ‘అస్త్ర’ అనే విభాగం మొదలైంది. గ్రామాలకు పనికొచ్చే సాంకేతికత తయారు చేయడం దాని పని. తుమకూరు జిల్లాలోని పుర అనే ఊళ్లో ఉమ్మడి బయోగ్యాస్ ప్లాంటు కట్టారు. మొదటి ఆలోచన వంటకు గ్యాస్ ఇవ్వడం. ఊళ్లో దొరికే పేడ అందరి పొయ్యిలకూ చాలలేదు, ఆ పథకం నడవలేదు. ఊరివాళ్లకు ముందు కావలసింది తాగునీళ్లు. 1987 నుంచి అదే గ్యాస్‌తో ఇంజిను నడిపి కరెంటు తీసి, బోరునీళ్లు తోడి, ఇళ్లకు దీపాలు ఇచ్చాక ప్లాంటు నిలబడింది.

కొలిచేవాళ్ల కళ్లతో చూడండి. ‘ఎన్ని ఘనపు మీటర్ల గ్యాస్ తీశాం’ అన్న సూచిక పెట్టుకుని ఉంటే మొదటి దశ కూడా కాగితం మీద బాగానే కనిపించేది. ‘ఎన్ని ఇళ్లకు నీళ్లొచ్చాయి’ అన్న సూచిక ఊరివాళ్లు చెబితేనే తెలుస్తుంది. అందుకే సూచికలు రాసే మొదటి మీటింగ్‌లోనే బస్తీ నుంచి కనీసం ముగ్గురుండాలి. అందులో ఇద్దరు ఆడవాళ్లయితే నీళ్లు, మరుగుదొడ్లు, రేషన్ లాంటి సంగతులు వాటంతటవే బయటికొస్తాయి.

నాక్‌కు ఏం కావాలి?

కాలేజీల నాణ్యతను చూసి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ నాక్ 1994లో ఏర్పడింది, ప్రధాన కార్యాలయం ఇక్కడే నాగరభావిలో. ఏడు ప్రమాణాల పాత చట్రంలో మూడోదైన ‘పరిశోధన, ఆవిష్కరణలు, విస్తరణ’ కింద విస్తరణ కార్యక్రమాలు వచ్చేవి. పరిసర ప్రాంతాల్లో ఏం చేశారో వర్ణన, వచ్చిన గుర్తింపులు, ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌సీసీ లాంటి వాటి ద్వారా చేసిన కార్యక్రమాల సంఖ్య, పాల్గొన్న విద్యార్థుల శాతం అడిగేవారు. 2024లో గ్రేడ్ల బదులు బైనరీ గుర్తింపుకు (గుర్తింపు ఉందా లేదా అన్నంతవరకే) మారుతున్నట్టు నాక్ ప్రకటించింది. కాబట్టి పాత మాన్యువల్‌లోని సూచికల నంబర్లు బట్టీ పట్టి లాభం లేదు. మీకు వర్తించే తాజా మాన్యువల్ దగ్గర పెట్టుకోండి.

మాన్యువల్ ఏదైనా ఆధారాలు మాత్రం అవే: తేదీ, స్థలం ఉన్న రిపోర్టు, జియోట్యాగ్ ఫొటో (తీసిన చోటు నమోదైనది), హాజరు పట్టీ, భాగస్వామి సంస్థ ఇచ్చిన ఉత్తరం. డీవీవీ దశలో (పంపిన వివరాలను సరిచూసేటప్పుడు) ఫైళ్లు వెనక్కొచ్చేది సాధారణంగా మూడు కారణాలకు. రిపోర్టులోని తేదీకీ ఫొటోలోని తేదీకీ పొంతన ఉండదు. ఒకే కార్యక్రమాన్ని ఎన్‌ఎస్‌ఎస్ ఒకసారి, విభాగం ఒకసారి రాసుకుంటాయి. క్యాంపస్ లోపల జరుపుకున్న యోగా దినోత్సవాన్ని విస్తరణ కింద చూపిస్తారు. మూడోది పూర్తిగా మనమే తెచ్చుకునే తంటా.

విద్యార్థుల శాతం 130 వచ్చింది. ఎలా?

నలభై మంది ఆరు కార్యక్రమాలకు వెళ్తే 240 హాజర్లు. మనుషులు నలభై మందే. ఇలాంటి హాజర్లన్నీ కూడి మొత్తం విద్యార్థుల సంఖ్యతో భాగిస్తే శాతం వంద కూడా దాటొచ్చు. రిజిస్టర్‌లో పేరుతో పాటు యూఎస్‌ఎన్ (యూనివర్సిటీ విద్యార్థికిచ్చే) నంబరు రాసి, ఏడాది చివర ఎక్సెల్‌లో డూప్లికేట్లు తీసేసి లెక్కకట్టండి. రెండు అంకెలూ దాచుకోండి: 240 హాజర్లు, 40 మంది. నలభై మందే ఆరుసార్లు తిరిగారా, రెండువందల నలభై మంది తలా ఒకసారి వచ్చి వెళ్లారా అన్నది చిన్న తేడా కాదు.

గంటల లెక్కకూ ఇదే జాగ్రత్త. ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీరు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి. ఆ పైన ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటుంది. బస్తీలో గడిపిన సమయాన్నే రాయండి. సిల్క్ బోర్డ్ దగ్గర బస్సులో కూర్చున్న రెండు గంటలు సేవ కింద రావు.

ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో ‘ఔట్‌రీచ్’ అని ఉంది కదా, అది ఇదే కదా?

కాదు. ఎన్‌ఐఆర్‌ఎఫ్ అంటే ఉన్నత విద్యాసంస్థలకు కేంద్రం ఇచ్చే ర్యాంకులు. మొదటివి 2016లో వచ్చాయి. ‘ఔట్‌రీచ్, ఇన్‌క్లూజివిటీ’కి పది శాతం బరువుంది. అందులో చూసేది ఇతర రాష్ట్రాల విద్యార్థులు, మహిళలు, ఆర్థికంగా సామాజికంగా వెనుకబడినవాళ్లు, దివ్యాంగులకు వసతులు. గేటు లోపలికి ఎవరొస్తున్నారో అది చెబుతుంది. గేటు బయట మీరేం చేస్తున్నారో చెప్పదు.

విదేశాల్లో ఎలా కొలుస్తారు? మనం తీసుకోదగ్గది ఏముంది?

బ్రిటన్‌లో యూనివర్సిటీలు తమ జ్ఞానాన్ని బయటివాళ్లతో ఎలా పంచుకుంటున్నాయో చూసే నాలెడ్జ్ ఎక్స్‌చేంజ్ ఫ్రేమ్‌వర్క్ ఫలితాలు మొదటిసారి 2021లో వచ్చాయి. ఏడు కోణాల్లో ఒకటి ‘ప్రజలతో, సమాజంతో అనుబంధం’. మిగతా ఆరింటికి ఎక్కువగా ఆదాయం, ఒప్పందాలు, పేటెంట్ల లాంటి అంకెలు వాడుతుంటే, దీనికి మాత్రం యూనివర్సిటీ తనకు తాను మార్కులేసుకుని దానికి వివరణ రాయాలి. అంకెలతో పండిన వ్యవస్థ కూడా ఈ ఒక్కచోట అంకెను నమ్మలేదు, గమనించండి. అక్కడే పరిశోధనను మదింపు చేసే రెఫ్‌లో సమాజం మీద ప్రభావానికి 2014లో 20 శాతం, 2021లో 25 శాతం బరువిచ్చారు. ఎవరికి, ఎప్పుడు, ఏం మారిందో కేస్ స్టడీగా రాసి ఆధారాలు జతచేయాలి.

యూరప్‌లో టెఫ్సీ అనే పద్ధతి తయారైంది. అది ర్యాంకులివ్వదు. బోధన, పరిశోధన, సేవ, విద్యార్థులు, యాజమాన్యం లాంటి కోణాల్లో బలం ఎక్కడుందో, ఎక్కడ పలచగా ఉందో బయటి భాగస్వాములతో కలిసి కూర్చుని తేల్చుకుంటారు. మన కాలేజీలకు బాగా అతికేది ఇదేనని మా అభిప్రాయం. 2019లో మొదలైన టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్ ఇంపాక్ట్ ర్యాంకింగ్స్ ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల మీద నడుస్తాయి. దరఖాస్తు చేసిన సంస్థలనే లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి అందులో స్థానం వచ్చిందంటే ఫైళ్లు పద్ధతిగా ఉన్నాయని అర్థం. దానికి మించి అర్థం తీయకండి.

మన దేశంలో మార్గదర్శకాలు ఉన్నాయా?

ఉన్నాయి. సామాజిక బాధ్యత, సమాజ భాగస్వామ్యంపై యూజీసీ జాతీయ పాఠ్య ప్రణాళికా చట్రం ఇచ్చింది. అందులో రెండు క్రెడిట్ల కోర్సుంది: ముప్పై గంటలు, కనీసం సగం ఫీల్డ్‌లో. 2014లో మొదలైన ఉన్నత్ భారత్ అభియాన్ అనే కేంద్ర పథకం కింద చేరిన సంస్థ కనీసం ఐదు గ్రామాల క్లస్టర్‌ను దత్తత తీసుకుంటుంది. గ్రామ సర్వే, ఇంటింటి సర్వే చేయాలి. ఆ ఇంటింటి సర్వేనే బేస్‌లైన్‌గా (పని మొదలుకాక ముందున్న పరిస్థితి లెక్కగా) వాడుకోవచ్చు. చాలాచోట్ల దాన్ని పోర్టల్‌లో ఎక్కించాక ఎవరూ తెరవరు.

ఎన్ని సూచికలు పెట్టుకోవాలి?

ఒక్కో కార్యక్రమానికి మూడు, నాలుగు. కాలేజీ మొత్తానికి పది దాటనివ్వకండి. దాటితే నింపేది క్లర్కు, అది కూడా మార్చి నెలాఖరులో.

రిజిస్టర్‌లో ఏమేం రాయాలి?

తేదీ, స్థలం (వార్డు, వీధి వరకు), ఎవరడిగితే పెట్టాం, భాగస్వామి పేరు, వచ్చిన విద్యార్థుల యూఎస్‌ఎన్‌లు, ఫీల్డ్‌లో గడిపిన గంటలు, అందుకున్నవాళ్ల సంఖ్య (కాలేజీ సిబ్బందినీ వాళ్ల కుటుంబాలనూ తీసేసి), ఖర్చు, మళ్లీ వెళ్లాల్సిన తేదీ, మళ్లీ వెళ్లినప్పుడు కనిపించింది. చివరి రెండు కాలమ్‌లు ఖాళీగా ఉన్న వరుసల్ని ఏడాది చివర విడిగా లెక్కపెట్టండి. ‘మళ్లీ వెళ్లిన కార్యక్రమాల శాతం’ అన్న ఒక్క అంకె కాలేజీ గురించి చెప్పినంతగా మిగతా అంకెలేవీ చెప్పవు.

ఆ రోజే నింపాలి. వారం తర్వాత రాసిన హాజరు పట్టీలో అందరి సంతకాలూ ఒకే పెన్నుతో ఉంటాయి.

హెల్త్ క్యాంప్ ఫలితాన్ని ఎలా కొలవాలి?

ఎక్కువమంది పెట్టేదీ, ఎక్కువగా తప్పు లెక్క వచ్చేదీ ఇదే. బీపీ శిబిరం ఒకటి తీసుకుందాం. 200 మందికి చూశారు, 34 మందికి 140/90 దాటింది అనుకోండి. రిపోర్టు ‘200 మందికి లబ్ధి’ అంటుంది. నిజానికి మీ లెక్క ఆ 34 దగ్గర మొదలవుతుంది. వాళ్లలో నమ్మ క్లినిక్‌కో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో వెళ్లినవాళ్లు 21 మంది, మూడు నెలల తర్వాత కూడా మాత్రలు వేసుకుంటున్నవాళ్లు 12 మంది అయితే, మీ ఫలితం 34లో 12, అంటే 35 శాతం. ప్రతి మెట్టులోనూ ఎందరు జారిపోయారో కనిపిస్తుంది కాబట్టి ఎక్కడ చెయ్యి వేయాలో కూడా తెలుస్తుంది. 34 నుంచి 21కి ఎక్కువమంది జారితే క్లినిక్‌కు పంపే చీటీ ఇవ్వడంలో లోపం. 21 నుంచి 12కి జారితే మందులు దొరకడం లేదేమో, క్లినిక్ వేళలు కుదరడం లేదేమో అడగాలి.

కొలత కూడా సరిగ్గా ఉండాలి. లైన్లో నిలబడి, మెట్లెక్కి వచ్చిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టిన వెంటనే చూస్తే బీపీ ఎక్కువే చూపిస్తుంది. ఐదు నిమిషాలు కూర్చోనిచ్చి, ఒకటి రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు తీయండి. లావు చేతులకు పెద్ద పట్టీ ఉండాలి. ఒక్కరోజు ఎక్కువ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు రాయకూడదు, ‘మళ్లీ చూపించుకోవాలి’ అని రాసి పంపాలి. చీటీ రెండు ప్రతులు ఉండాలి. ఒకటి వాళ్లకు, ఒకటి ఫోన్ నంబరుతో మీకు. పదిహేనో రోజున ఒకసారి, తొంభయ్యో రోజున ఒకసారి ఫోన్ చేయండి. ఫోన్లో ‘మాత్రలు వేసుకుంటున్నా’ అనేవాళ్లలో కొందరింటికైనా వెళ్లి మాత్రల అట్ట చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

మొక్కలు నాటితే?

బతికినవాటినే లెక్కపెట్టండి. మూడుసార్లు చూడాలి: నాటిన నెలకు, వానలు వెళ్లాక డిసెంబర్‌లో, మొదటి ఎండాకాలం దాటాక జూన్‌లో. మూడోది తప్ప మిగతా రెండూ రిపోర్టులో చెప్పుకోదగ్గవి కావు, కానీ మొక్క ఎప్పుడు పోయిందో అవే చెబుతాయి. నెలలోపే పోతే గుంత చిన్నదై ఉంటుంది (కనీసం 45 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతు ఉండాలి) లేదా కంచె లేక మేకలు తినుంటాయి. ఫిబ్రవరి తర్వాత పోతే నీళ్లు పోసేవాళ్లు లేరు.

ప్రతి మొక్కకూ నంబరు బిళ్ల కట్టండి. లేకపోతే ఏటా జూన్ 5న అవే గుంతల్లో కొత్త మొక్కలు పెట్టి ఐదేళ్లలో ఐదువేలు నాటామని రాసుకునే వీలుంటుంది. అది ఎంత మామూలో ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు.

సాయంత్రం ట్యూషన్లు చెబుతున్నాం. మార్కులు చూస్తే చాలా?

మార్కులు బడిని బట్టి మారతాయి. చదవడం వచ్చిందో లేదో నేరుగా చూడండి. 2005 నుంచి ప్రథమ్ సంస్థ ఆసర్ సర్వేలో వాడుతున్న పద్ధతి దీనికి సరిపోతుంది: అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. పిల్లను ఒక్కదాన్నే పక్కన కూర్చోబెట్టుకుని చదివించి, ఏ మెట్టు దాకా వచ్చిందో రాసుకోవాలి. కొన్ని నిమిషాల పని. కన్నడ మీడియంలో చదివే తెలుగు పిల్లలను బడి భాషలోనే చూడండి. ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నారని తెలుగులో పరీక్షిస్తే మీరు చెప్పిన పాఠం కాకుండా వేరేదేదో కొలిచినట్టవుతుంది.

ఇందులో ఒక కనబడని గొయ్యి ఉంది. జూన్‌లో ముప్పైమంది, మార్చిలో పద్దెనిమిది మంది మిగిలి, సగటు బాగా పెరిగిందనుకోండి. వెనకబడిన పిల్లలే మానేసి ఉంటే, ఎవరూ ఏమీ నేర్చుకోకపోయినా సగటు దానంతటదే పెరుగుతుంది. అందుకే రెండు తేదీల్లోనూ ఉన్న పిల్లలను మాత్రమే ఒకరితో ఒకరిని కాకుండా, ఎవరిని వాళ్లతోనే పోల్చండి. మానేసిన పన్నెండు మంది ఎందుకు మానేశారో విడిగా రాయండి.

సర్వే ఏ భాషలో చేయాలి?

ఎదుటి మనిషి ఇంట్లో మాట్లాడే భాషలో. బెంగళూరు పౌరకార్మికుల్లో చాలామందికి ఇంటి భాష తెలుగు. నిర్మాణ పనులకు అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చినవాళ్లదీ అంతే. మామూలుగా జరిగేది ఏమిటంటే ఫారం ఇంగ్లిష్‌లోనో కన్నడలోనో అచ్చేసి, ‘మీకు తెలుగొచ్చుగా, అక్కడికక్కడ చెప్పేయండి’ అని పదిమంది విద్యార్థులను పంపుతారు. పదిమందీ పది రకాలుగా అడుగుతారు. ఆ తర్వాత వచ్చిన తేడా బస్తీలో వచ్చిందో, అడగడంలో వచ్చిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

తెలుగు ఫారం ముందే రాసుకోండి. దాన్ని మూలం చూడని ఇంకొకరితో వెనక్కి ఇంగ్లిష్‌లోకి మార్పించి, తేడాలు సరిచేయండి. ఐదారుగురిని అడిగి చూసి, తడబడిన ప్రశ్నలను తిరగరాయండి. పత్రికల భాష వద్దు. ‘మీ కుటుంబ ఆదాయ వనరులు ఏమిటి?’ అంటే మొహం చూస్తారు. ‘కూలి రోజుకెంత అక్కా? పోయిన వారం ఎన్నిరోజులు పని దొరికింది?’ అంటే ఠక్కున చెబుతారు. కోలార్, చింతామణి వైపు తెలుగులో కన్నడ మాటలు బాగా కలుస్తాయి. అక్కడి విద్యార్థి ఒకరు జట్టులో ఉంటే పని సులువు.

ఏమడిగినా ‘అంతా బాగుంది సార్’ అంటారు. ఎలా?

ఐడీ కార్డు మెడలో వేసుకుని, శిబిరం పెట్టినవాళ్లే వెళ్లి ‘శిబిరం బాగుందా?’ అంటే ఇంకేమంటారు? ఇంటికొచ్చినవాళ్లను నొప్పించరు. మూడు మార్పులు చేయండి. అడిగేవాళ్లు వేరే విభాగం నుంచి రావాలి. అభిప్రాయం బదులు జరిగింది అడగాలి: ‘ఆరోజు ఇచ్చిన చీటీ ఎక్కడ పెట్టారమ్మా? ఒకసారి చూపిస్తారా?’ చీటీ బియ్యం డబ్బా కింద భద్రంగా ఉందో, పిల్లాడు పడవ చేశాడో ఆ ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది. మూడోది, ‘వచ్చేసారి ఏది మానేస్తే మంచిది?’ అని అడగండి. మానేయమని చెప్పడానికి అవకాశం మీరే ఇస్తే మొహమాటం కొంత తగ్గుతుంది.

వేళ కూడా చూసుకోవాలి. పౌరకార్మికులు తెల్లవారుజామునే పనిలోకి దిగుతారు, మధ్యాహ్నం దాటాకే ఇంట్లో దొరుకుతారు. సంక్రాంతికి, ఉగాదికి అటూ ఇటూ వారం పాటు సర్వే పెట్టుకోకండి, సగం ఇళ్లకు తాళాలుంటాయి.

ఎంతమందిని అడగాలి?

అరవై ఇళ్లుంటే అరవై ఇళ్లూ అడగండి, శాంపిల్ జోలికి పోవద్దు. ఐదువందల ఇళ్లుంటే, పది శాతం అటూ ఇటూ తేడాతో సరిపెట్టుకుంటే 81 ఇళ్లు చాలు. ఐదు శాతం కావాలంటే 217. ఆ ఇళ్లను ఎంచడం ముఖ్యం. ఐదువందలను 81తో భాగిస్తే సుమారు ఆరు. కాబట్టి మొదటి ఆరింట్లో చీటీ తీసి ఒక ఇల్లు ఎంచుకుని, అక్కణ్నుంచి ప్రతి ఆరో ఇంటికి వెళ్లండి. తాళం ఉంటే పక్కింటికి పోకుండా ఇంకో రోజు రండి. పగలు తాళాలుండే ఇళ్లలో ఇద్దరూ పనికి వెళ్లేవాళ్లుంటారు, వాళ్లను వదిలేస్తే లెక్క ఒకవైపు ఒరిగిపోతుంది.

సమయం అంచనా: ఇంటికి పావుగంట చొప్పున అరవై ఇళ్లకు పదిహేను గంటలు. తాళాలకు, రెండో రాకకు మరో సగం కలపండి. ఇద్దరిద్దరు చొప్పున రెండు జట్లు రెండు ఆదివారాల్లో ముగిస్తాయి.

ఆరు నెలల తర్వాత వెళ్తే లేబర్ షెడ్లలో సగం మంది లేరు. ఏం చేయాలి?

బిల్డింగ్ పూర్తయితే మేస్త్రి వెంట మనుషులు ఇంకో సైట్‌కు వెళ్లిపోతారు. అది మీ తప్పూ కాదు, దాచాల్సిన విషయమూ కాదు. మొదట అరవై కుటుంబాలు, ఇప్పుడు 22 మిగిలాయి, అందులో 15 కుటుంబాలు పిల్లల్ని అంగన్‌వాడీకి పంపుతున్నాయనుకోండి. 22లో 15 అంటే 68 శాతం. 60లో 15 అంటే 25 శాతం. రెండూ రాయండి. కొత్తగా వచ్చిన కుటుంబాలను పాతవాళ్ల స్థానంలో కలిపేసి మళ్లీ అరవై చూపించడం మాత్రం దొంగలెక్క. మొదటి సర్వేలోనే మేస్త్రి ఫోన్ నంబరు, సొంతూరి పేరు తీసుకుంటే కొందరినైనా మళ్లీ పట్టుకోవచ్చు. సొంతూళ్లో ఉన్నారంటే అక్కడి అంగన్‌వాడీకి పంపుతున్నారా అని ఫోన్లో అడగవచ్చు.

మార్పు మా వల్లే వచ్చిందని ఎలా చెప్పగలం?

ఒంటరిగా మీ వల్లే అని చెప్పలేరు, చెప్పాల్సిన అవసరమూ లేదు. దగ్గర్లో అలాంటిదే ఇంకో కాలనీలో కూడా అవే రెండు సర్వేలు చేయండి. మీ కాలనీ 40 శాతం నుంచి 60కి, పక్క కాలనీ 42 నుంచి 55కి వెళ్లిందనుకుందాం. మీ పెరుగుదల 20, వాళ్లది 13. మీ పని వల్ల అని వాదించగలిగింది మిగతా ఏడే. ఆ 13 కొత్త క్లినిక్ వల్లో, ఆశా కార్యకర్త వల్లో రెండుచోట్లా వచ్చి ఉంటుంది. పక్క కాలనీవాళ్లను ఊరికే అడిగి వదిలేయకుండా, వచ్చే ఏడు అదే కార్యక్రమం అక్కడ పెడతామని చెప్పి, పెట్టండి.

సేవను రూపాయల్లో చూపించమంటున్నారు.

వాలంటీర్ల గంటలను కనీస వేతనంతో హెచ్చవేసి ‘ఇంత విలువైన సేవ’ అనడం వాడుకలో ఉంది. అది మీరు పెట్టిన పెట్టుబడి విలువ. ఫలితం విలువగా రాస్తే, రెండు గంటల పనిని ఆరు గంటలు సాగదీసిన కాలేజీకే ఎక్కువ మార్కులు పడతాయి.

ఎంఓయూలు (బయటి సంస్థలతో రాసుకున్న ఒప్పందాలు) ఎన్ని ఉన్నాయన్నది లెక్కేనా?

గడిచిన పన్నెండు నెలల్లో ఒక్క పనైనా జరిగినవే లెక్క. మిగతావి బీరువాలో కాగితాలు.

ఫొటోలు, ఆధార్ నంబర్లు తీసుకోవచ్చా?

ఆధార్ వద్దు, ఏ సూచికకూ అది అవసరం లేదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. రోగుల ముఖాలు కనిపించే ఫొటోలు తీయకండి. వెనక నుంచి తీసినా జియోట్యాగ్ పడుతుంది. పేర్లు, ఫోన్ నంబర్లు ఒక ఫైల్‌లో, జవాబులు ఇంకో ఫైల్‌లో పెట్టి, రెంటినీ కలిపే నంబరు ప్రోగ్రామ్ ఆఫీసర్ దగ్గరే ఉంచండి. వాట్సాప్ గ్రూపులో హెల్త్ క్యాంప్ జాబితా పెట్టడం ఎక్కువగా జరిగే తప్పు, వెంటనే ఆపాల్సిన తప్పు. ఆరోగ్య సమాచారంతో పరిశోధనా వ్యాసం రాయాలనుకుంటే సర్వేకు ముందే ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోవాలి, తర్వాత తీసుకుంటే చెల్లదు.

మాది తెలుగు సంఘం. కాలేజీవాళ్లు కలిసి చేద్దామని వస్తే మేం ఏమడగాలి?

ఈ పని ఎంచుకున్నది ఎవరు, తేదీ ఎవరి వీలు చూసి పెట్టారు, ఖర్చు లెక్క మాకు చూపిస్తారా, రిపోర్టు పంపే ముందు మేం చదవొచ్చా, మళ్లీ ఎప్పుడొస్తారు. ఈ ఐదింటికీ జవాబులు ఉత్తరంలో రాయించుకోండి. కార్యక్రమం అయ్యాక కాలేజీ మీ లెటర్‌హెడ్ మీద ప్రశంసాపత్రం అడుగుతుంది. ‘ఏం జరిగింది, ఎందరికి, ఏది కుదరలేదు’ అని రాసి ఇవ్వండి. ‘ఘనంగా నిర్వహించారు’ అన్న ఉత్తరం కాలేజీకీ పనికిరాదు, మీకూ పనికిరాదు.

ఫలితాలు బస్తీకి తిరిగి చెప్పాలా?

చెప్పాలి, అదీ రిపోర్టు పైకి పంపడానికి ముందే. గుడి అరుగు మీదో అంగన్‌వాడీలోనో అరగంట కూర్చుని, ఒక చార్టు కాగితం మీద నాలుగైదు అంకెలు పెద్దగా తెలుగులో, కన్నడలో రాసి చూపించండి. లెక్కలో తప్పుంటే అక్కడే దొరుకుతుంది. ‘ఆ వీధిలో నల్లాలు ఎనిమిదున్నాయి గాని పన్నెండెక్కడివి?’ అని ఎవరో ఒకరు అంటారు. అలా చెప్పిన తేదీ, వచ్చినవాళ్ల సంఖ్య, వాళ్లు దిద్దిన అంకెలు రిజిస్టర్‌లో రాయండి.

సాఫ్ట్‌వేర్ ఏదైనా కొనాలా?

అక్కర్లేదు. ఫోన్లో కోబో కలెక్ట్ లాంటి ఉచిత ఫారం, ఆఫీసులో ఒక ఎక్సెల్ ఫైలు సరిపోతాయి. ఫారంలో తెలుగు, కన్నడ రెండూ పెట్టుకోవచ్చు, నెట్ లేని చోట నింపి తర్వాత పంపొచ్చు. ఫైలు పాస్‌వర్డ్ మాత్రం ఒక్కరి దగ్గరే ఉంచకండి. ప్రోగ్రామ్ ఆఫీసర్ బదిలీ అయితే దాంతోపాటే బేస్‌లైన్ కూడా పోతుంది.